సెల్టులు, రోమన్లు, ఒక ప్రేమకథ: మీ నవలకు ఏ యుద్ధం నప్పుతుంది?

రోమన్ సైనికుడు, సెల్టు పూజారిణి, మధ్యలో తగలబడుతున్న ఊరు, పైన కాస్త మంత్రం. ఈ సరంజామాతో చారిత్రక ఫాంటసీ ప్రేమకథ మొదలుపెట్టినవాళ్లు ఏడెనిమిది భాగాలు రాశాక చతికిలబడటం మామూలే. ప్రేమ రాయడం వాళ్లకు బాగానే వచ్చు. ఏ యుద్ధమో తేల్చుకోకుండా కలం పట్టడంతోనే చిక్కు వస్తుంది.

పడమటి ఐరోపా అంతటా పరుచుకున్న సెల్టు తెగలకూ రోమన్లకూ ఒకటి కాదు, బోలెడు యుద్ధాలు జరిగాయి. క్రీ.పూ. 4వ శతాబ్దం మొదట్లో సెల్టులైన గాల్ తెగలు రోమ్ నగరం మీద పడి దోచుకున్నాయి. క్రీ.శ. 211లో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి, స్కాట్లాండు తెగలతో పోరు తెగకముందే యార్క్‌లో కన్నుమూశాడు. మధ్యలో ఆరు వందల ఏళ్లు. స్పెయిన్, ఫ్రాన్స్, బ్రిటన్, ఆఖరికి నేటి టర్కీలో కూడా ఈ రెండు జాతులూ తలపడ్డాయి. ఒక్కో చోట ఒక్కో రకం శత్రుత్వం, ఒక్కో రకం సహవాసం.

ఎంచుకునేటప్పుడు నేను పెట్టే కొలత ఒకటే: ఆ ఇద్దరినీ విడదీసేది ఏది, అది ఎన్నాళ్లు విడదీయగలదు? యుద్ధం ఎంత పెద్దదన్నది ప్రేమకథకు అంత ముఖ్యం కాదు. పెద్ద యుద్ధాలు తరచుగా ప్రేమకథను మింగేస్తాయి కూడా.

అందరూ వెళ్లేది బౌడికా దగ్గరికే

బౌడికా కథ ఎందుకు లాగుతుందో చెప్పనక్కర్లేదు. తూర్పు బ్రిటన్‌లో ఐసెనీ తెగ రాజు ప్రసుటాగస్ చనిపోతూ తన రాజ్యానికి నీరో చక్రవర్తినీ తన ఇద్దరు కూతుళ్లనూ వారసులుగా రాశాడు. రోమన్ అధికారులు అంతా లాగేసుకున్నారు. భార్య బౌడికాను కొరడాలతో కొట్టారు, కూతుళ్లను చెరిచారు. క్రీ.శ. 60–61లో ఆమె తిరగబడింది. నేటి కోల్చెస్టర్, లండన్, సెయింట్ ఆల్బన్స్ మూడూ బూడిదయ్యాయి. కోల్చెస్టర్‌లోనూ లండన్‌లోనూ తవ్వితే ఆ కాలిన మన్ను పొర ఇప్పటికీ కనిపిస్తుంది. చచ్చినవాళ్లు 70,000 అని రోమన్ చరిత్రకారుడు టాసిటస్, రెండు నగరాల్లో కలిపి 80,000 అని మరో చరిత్రకారుడు డియో.

ప్రేమకథకు మాత్రం ఇది ఇరుకైన గది. తిరుగుబాటు త్వరగా రగిలి త్వరగా ఆరిపోయింది. ఆ కోపం ఎంత న్యాయమైనదంటే, అందులో ఒక రోమన్ యువకుణ్ణి ప్రేమించే ఐసెనీ అమ్మాయిని పెడితే పాఠకురాలు మొదటి పేజీలోనే ఆ అమ్మాయి చెంప పగలగొట్టాలనుకుంటుంది. కూతుళ్లకు జరిగింది పక్కన పెట్టి వెన్నెల్లో మాటలు రాయలేం. పైగా ముగింపు అందరికీ తెలుసు.

అయినా ఇదే కావాలనిపిస్తే తిరుగుబాటు అణిగిన తర్వాతి ఏడాదిని తీసుకోండి. నీరో అక్కడికి పంపిన కొత్త ఆర్థికాధికారి క్లాసికియానస్, ఊళ్లు తగలబెట్టడం ఆపమని గవర్నర్‌తోనే తగువు పడ్డాడు. ఆయన సమాధి రాయి లండన్‌లో దొరికింది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని నిలిపింది భార్య జూలియా పకాటా. ఆమె తండ్రి జూలియస్ ఇండస్ ట్రెవెరీ అనే గాల్ తెగవాడు, క్రీ.శ. 21లో సొంత తెగ తిరగబడితే రోమ్ పక్షాన నిలిచి దాన్ని అణచినవాడు. అలాంటి ఇంట పుట్టిన ఆడది, కాలిపోయిన లండన్‌లో కాపురం. బౌడికా కన్నా ఈమె ఇంట్లో నాకు ఎక్కువ కథ కనిపిస్తుంది.

గాల్: మహాయుద్ధమా, నది ముఖద్వారమా

క్రీ.పూ. 58 నుంచి 50 దాకా రోమన్ సేనాని సీజర్ గాల్‌ను, అంటే ఇంచుమించు నేటి ఫ్రాన్స్‌ను, జయించాడు. దీన్ని ఎంచుకునేవాళ్లు నేరుగా క్రీ.పూ. 52కూ అలేసియా ముట్టడికీ పోతారు. కోట లోపల గాల్ తెగల నాయకుడు వెర్సింగెటోరిక్స్. అతన్ని బంధించడానికి సీజర్ కట్టిన గోడ చుట్టుకొలత 11 రోమన్ మైళ్లు. బయటి నుంచి వచ్చే సాయాన్ని ఆపడానికి ఇంకో గోడ, 14 మైళ్లు. తిండి తరిగిపోయాక ఊరివాళ్లైన మాండుబీలను ఆడవాళ్లతో, పిల్లలతో సహా కోటలోంచి వెళ్లగొట్టారు. రోమన్లు వాళ్లను రానివ్వలేదు. ఇది విషాదానికి పనికొస్తుంది. ప్రేమకు చోటు తక్కువ, ఫాంటసీకి ఇంకా తక్కువ. వేల మంది సైనికుల లెక్కల మధ్య మంత్రం పెడితే, ముట్టడిని ఆ మంత్రమే ఎందుకు ఆపలేదని పాఠకుడు అడుగుతాడు.

నాలుగేళ్లు వెనక్కి, పడమటి తీరానికి వెళ్లండి. నన్నడిగితే మొత్తం జాబితాలో ఫాంటసీకి ఇంతకన్నా మంచి చోటు లేదు.

లోయిర్ నది సముద్రంలో కలిసేచోట ఒక చిన్న ద్వీపం ఉండేదని భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. అక్కడ ఆడవాళ్లే ఉంటారు, మగవాడు కాలు పెట్టకూడదు. మగవాళ్లు కావాలనుకుంటే వాళ్లే పడవెక్కి తీరానికి వచ్చి, కలిసి, తిరిగి వెళ్లిపోతారు. ఏడాదికోసారి గుడి కప్పు విప్పి, సూర్యాస్తమయం లోపల మళ్లీ కప్పాలి. ఒక్కొక్కరూ ఒక్కో మోపు మోస్తారు. ఎవరి చేతిలోంచి మోపు జారితే వాళ్లను మిగిలినవాళ్లు చీల్చి చంపుతారు. అదే తీరంలో ఇంకాస్త పైన ఉన్న సేనా ద్వీపంలో తొమ్మిది మంది కన్యలు ఉండేవారని మరో రచయిత పాంపోనియస్ మేలా చెప్పాడు. పాటతో గాలినీ కడలినీ రేపగలరట, కోరిన జంతువు రూపం ఎత్తగలరట. ఇవి నిజాలా కట్టుకథలా అన్నది చరిత్రకారుల తలనొప్పి. నవలకు మాత్రం ఆ కాలపువాళ్లు నమ్మి రాసుకున్న మాయ దొరికింది, మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు యుద్ధం చూడండి. క్రీ.పూ. 56లో సీజర్, వెనెటీ అనే నావికుల తెగ మీదికి వెళ్లాడు. ఓడలు కట్టించింది ఎక్కడ? ఆ లోయిర్ నది మీదే. వెనెటీల ఓడలు ఓక్ కర్రతో కట్టినవి, తెరచాపలు తోలువి. రోమన్ ఓడల ముక్కులు గుద్దినా చెక్కుచెదరలేదు. రోమన్లు పొడవాటి గడలకు కొడవళ్లు కట్టి తెరచాపల తాళ్లు తెగ్గోశారు. సరిగ్గా అప్పుడే గాలి పడిపోయింది. ఓడలు కదలక నిలిచిపోయాయి, పట్టుబడ్డాయి. వెనెటీ పెద్దలందరినీ చంపించి, మిగిలినవాళ్లను సీజర్ బానిసలుగా అమ్మేశాడు.

గాలి ఎందుకు పడిపోయింది? పని ముగించడానికి అది బాగా కలిసొచ్చిందని మాత్రం సీజర్ రాసుకున్నాడు. గాలిని పిలవగల ఆడవాళ్లున్న తీరంలో ఆ రోజు ఎవరో ఒకరు పిలవలేదని మీరు రాసుకోవచ్చు. ఎవరి కోసం పిలవలేదన్నది మీ నవల. చరిత్రను ఒక్క అక్షరం మార్చకుండా మంత్రాన్ని దాని కీలులో కూర్చోబెట్టే ఇలాంటి అవకాశం బౌడికా కథలో దొరకదు, అలేసియాలో అసలే దొరకదు.

లోపం కూడా చెప్పాలి. ఇక్కడ పేర్లున్న పాత్రలు తక్కువ. రోమన్ నౌకాదళానికి డెసిమస్ బ్రూటస్ నాయకుడు, తర్వాత సీజర్‌ను చంపినవాళ్లలో ఒకడు. వెనెటీల వైపు ఒక్క పేరు కూడా మిగల్లేదు. అన్నీ మీరే కల్పించాలి. కల్పన చేతనైనవాళ్లకు ఇది స్వర్గం, చరిత్ర ఊతకర్ర కావాలనుకునేవాళ్లకు ఎడారి.

రాణి, భర్త, భర్త ఆయుధాలు మోసేవాడు

ఊతకర్ర కావాలంటే బ్రిగాంటీల దగ్గరికి రండి. ఉత్తర ఇంగ్లండులో పెద్ద తెగ, రాణి కార్టిమాండువా. క్రీ.శ. 43లో క్లాడియస్ సేనలు బ్రిటన్‌లో దిగాక దక్షిణాన ఎనిమిదేళ్లు పోరాడిన కరాటకస్, ఓడిపోయి ఈమె శరణు కోరాడు. 51లో ఈమె అతన్ని సంకెళ్లతో రోమన్లకు అప్పగించింది. అతను రోమ్‌లో చక్రవర్తి ఎదుట తల వంచకుండా మాట్లాడి క్షమాభిక్ష పొందాడు. ఆమెకు మాత్రం ద్రోహి అన్న పేరు మిగిలింది.

అసలు కథ తర్వాతిది. భర్త వెనూటియస్‌తో ఆమెకు చెడింది. అతని బంధువులను ఆమె పట్టి బంధించింది. చివరికి అతన్ని వదిలి, అతని ఆయుధాలు మోసే వెల్లోకాటస్‌ను పెళ్లాడి సింహాసనం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రంకుతో రాజగృహం కదిలిపోయిందని టాసిటస్ మూతి విరిచాడు. 69లో, రోమ్ తన సొంత అంతర్యుద్ధంలో మునిగి ఉన్నప్పుడు, వెనూటియస్ తిరగబడ్డాడు. రోమన్ దళాలు వచ్చి రాణిని బయటికి తీసుకుపోయాయి. రాజ్యం వెనూటియస్‌కు దక్కింది. ఆ తర్వాత ఆమె ఏమైందో, వెల్లోకాటస్ ఏమయ్యాడో చరిత్రలో లేదు.

ఒక మధ్యవయసు రాణి, రాజకీయం కోసం కట్టుకున్న మొగుడు, రోజూ కళ్లెదుట కనిపిస్తూ నోరెత్తే అర్హత లేని సేవకుడు. దాదాపు ఇరవై ఏళ్ల వ్యవధి. శత్రువు బయట లేడు, పడకగదిలోనే ఉన్నాడు. ధారావాహికగా రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? టాసిటస్ ఆమెను తిట్టిన ప్రతి వాక్యాన్నీ ఆమె వైపు నుంచి తిరగరాస్తే చాలు, సగం కథ అల్లుకుంటుంది.

ఆమె ఉన్నచోటు అని ఇప్పుడు చాలామంది భావించే స్టాన్‌విక్ మట్టికోటను 1951–52లో తవ్వింది మోర్టిమర్ వీలర్. అంతకు ముందు 1945లో పుదుచ్చేరి పక్కన అరికమేడులో రోమన్ కుండపెంకులు వెలికి తీసినాయన ఈయనే. స్టాన్‌విక్‌ను ఆయన వెనూటియస్ కోట అనుకున్నాడు. తర్వాతి తవ్వకాల్లో రోమ్ నుంచి వచ్చిన గాజుపాత్రలూ ఖరీదైన మట్టిపాత్రలూ బయటపడి, అది రోమ్‌తో స్నేహంగా ఉన్నవాళ్ల నివాసమని తేలింది. మొగుడి కోట పెళ్లానికి దక్కింది.

ఇక్కడ కొరత ఫాంటసీది. బ్రిగాంటియా అనే దేవత ఉంది, ఆమె గురించి కథలేమీ మిగల్లేదు. మంత్రం కావాలంటే, సుమారుగా కార్టిమాండువా కాలంలోనే రోమన్లు దాడి చేసిన మోనా ద్వీపం (ఇప్పటి ఆంగ్లెసీ) నుంచి పారిపోయి వచ్చిన ఒక డ్రూయిడ్‌ను, అంటే సెల్టు పూజారిని, ఆమె కొలువులోకి తేవచ్చు. ఒడ్డున చేతులెత్తి శపిస్తున్న డ్రూయిడ్లు, నల్లబట్టలతో కాగడాలు పట్టుకుని సేన మధ్య పరుగెత్తే ఆడవాళ్లు, భయంతో కొయ్యబారిన రోమన్ సైనికులు: ఆ ఘట్టాన్ని టాసిటసే నవలలా రాసి పెట్టాడు.

గోడ పక్కన కాపురాలు

హేడ్రియన్ చక్రవర్తి 122లో బ్రిటన్ వచ్చి కట్టించిన గోడ పొడవు 80 రోమన్ మైళ్లు, అంటే సుమారు 117 కిలోమీటర్లు. ఇక్కడ మహాయుద్ధం లేదు. దాడులు, కాపలా, చలి, పన్నులు, పక్కనే వెలసిన పేటలు. అందుకే ప్రేమకథకు నా మొదటి ఓటు ఇక్కడికే.

సేవలో ఉన్న రోమన్ సైనికుడికి చట్టప్రకారం పెళ్లి లేదు. ఆ నిషేధం పోయింది సెవెరస్ కాలంలో, 197 ప్రాంతంలో. ఈలోగా సహాయక దళం సైనికుడు 25 ఏళ్లు సేవ చేస్తే పౌరసత్వమూ, తాను కాపురం చేస్తున్న ఆడదాన్ని చట్టబద్ధంగా భార్య చేసుకునే హక్కూ వచ్చేవి. 140 ప్రాంతం దాకా అప్పటికే పుట్టిన పిల్లలకూ పౌరసత్వం దక్కేది, తర్వాత ఆ సౌకర్యం తీసేశారు. 138లో గర్భవతి, 141లో ఇంకో బిడ్డ, మొగుడి సేవ ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది: ఒక్క ఆజ్ఞతో ఆ ఇల్లు ఎలా మారిపోతుందో ఊహించండి. కత్తి దూయకుండానే ఎడబాటు తయారు.

ఊహించనక్కర్లేని జంట కూడా ఉంది. సౌత్ షీల్డ్స్‌లో దొరికిన సమాధి రాయి మీద, ఉన్ని బుట్ట పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్న ఆడమనిషి. పేరు రెజీనా, దక్షిణ బ్రిటన్‌లోని కటువెల్లౌనీ తెగ, 30 ఏళ్లకు పోయింది. రాయి పెట్టించింది బరాటేస్, సిరియా ఎడారిలోని పాల్మీరా నుంచి వచ్చినవాడు. ఆమె మొదట అతని బానిస. విడిపించి భార్యను చేసుకున్నాడు. లాటిన్ రాతల కింద తన సొంత పాల్మీరా లిపిలో ఒక్క పంక్తి చెక్కించాడు: బరాటేస్ విడిపించిన రెజీనా, అయ్యో. ఆ ఊళ్లో ఆ పంక్తి చదవగలిగినవాళ్లు ఎందరుంటారు?

వస్తువుల సంగతి చూసినా ఈ నేపథ్యానికి సాటి లేదు. విండోలాండా కోటలో 1973 నుంచి దొరుకుతున్న పల్చటి చెక్క ఉత్తరాల్లో సాక్సులూ లోదుస్తులూ పంపిన కబుర్లున్నాయి, మా వాళ్లకు బీరు అయిపోయింది పంపమన్న వేడుకోలుంది, క్రీ.శ. 100 ప్రాంతంలో ఒకామె స్నేహితురాలిని సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు పిలిచిన పిలుపుంది. స్థానికులను ఈసడించే ఒక మాట కూడా ఉంది. మంత్రానికైతే దక్షిణాన బాత్ అనే ఊళ్లో వేడినీటి బుగ్గ ఉంది: సూలిస్ దేవతకు శాపాలు రాసి వేసిన సీసపు రేకులు వందకు పైగా దొరికాయి. ఎక్కువ దొంగతనాల గురించే. ఒకదాంట్లో, విల్బియాను నా నుంచి ఎత్తుకుపోయినవాడు నీళ్లలా కరిగిపోవాలని రాసి, అనుమానితుల పేర్లు వరసగా ఇచ్చారు. విల్బియా మనిషా వస్తువా అని పండితులు ఇంకా తగువులాడుతున్నారు. మీరు తేల్చేయవచ్చు.

మిగిలిన రెండింటికీ రెండు మాటలు. క్రీ.పూ. 189లో నేటి టర్కీ నడిబొడ్డున గలాటియన్ సెల్టుల మీద మాన్లియస్ వుల్సో చేసిన యుద్ధం ప్రతీకార కథకు తగినది: తనను చెరిచిన సైనికాధికారి తల తెచ్చి భర్త ముందు పెట్టిన కియోమారా అక్కడి మనిషే. ప్రేమ మెత్తగా ఉండాలనుకునేవాళ్లు దూరంగా ఉండండి. సెవెరస్ కాలపు స్కాట్లాండు చిన్న కథకు సరిపోతుంది, నవలకు సమాచారం చాలదు.

మాయ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

చాలామంది ఐర్లండు పురాణాలు తెచ్చి గాల్‌లో పోస్తారు. ఐర్లండును రోమ్ ఎన్నడూ జయించలేదు, ఆ కథలు రాతకెక్కింది శతాబ్దాల తర్వాత క్రైస్తవ సన్యాసుల చేతుల్లో. తేవద్దని కాదు, తెచ్చామని తెలిసి తేవాలి. స్టోన్‌హెంజ్ అయితే డ్రూయిడ్ల కన్నా రెండు వేల ఏళ్లు పాతది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఆత్మ చావదని, ఒక దేహం నుంచి ఇంకో దేహానికి పోతుందని డ్రూయిడ్లు నేర్పేవారని సీజరే రాశాడు. శిష్యులు ఇరవై ఏళ్ల దాకా చదువు రాయకుండా వల్లెవేసేవారట. పరలోకంలో తీరుస్తామన్న మాట మీద గాల్ జనం అప్పులిచ్చుకునేవారని, చితిలో చచ్చినవాళ్లకు ఉత్తరాలు వేసేవారని వేరే రచయితలు చెప్పారు. 1897లో ఫ్రాన్స్‌లో కొలీనీ దగ్గర దొరికిన కంచు పంచాంగంలో చాంద్రమాన నెలలు, నెలకు రెండు సగాలు, అయిదేళ్లకు రెండు అధికమాసాలు, మంచి నెల, చెడ్డ నెల అన్న గుర్తులు ఉన్నాయి. పాశ్చాత్య రచయిత పేజీలకు పేజీలు వివరించాల్సినదాన్ని మన పాఠకుడు ఒక్క వాక్యంలో అందుకుంటాడు. జన్మాంతర ప్రేమను ఇందులో పెట్టండి, ఎవరూ నొసలు చిట్లించరు. అయితే కర్మఫలం, పాపపుణ్యాలు మాత్రం లాక్కురావద్దు; సీజర్ చెప్పిన పునర్జన్మ సైనికుడికి చావుభయం పోగొట్టడానికి, లెక్కలు తీర్చడానికి కాదు.

ఇక రాతలో తేల్చుకోవాల్సినవి. నాయకుడు రోమన్, నాయిక సెల్టు అన్న జోడీ అరిగిపోయింది. పైగా ఆమె బందీ అయితే ఆమె ఒప్పుకోలుకు అర్థం ఉండదు. బరాటేస్ కథలో కూడా ఆ ముల్లు ఉంది, దాన్ని కప్పిపుచ్చకుండా రాస్తేనే కథకు బలం. సెల్టు నాయకుడి ఇంటిని అంతఃపురం చేయకండి, బ్రిటన్‌లో అయితే అది గడ్డి కప్పిన గుండ్రటి ఇల్లు. గుర్రాలకు రికాబులు ఉండవు. సీజర్ నాటికి గాల్‌లో యుద్ధరథాలు పోయాయి, బ్రిటన్‌లో ఇంకా ఉన్నాయి. వంటలో బంగాళాదుంప, టమాటా, మిరపకాయ కనబడకూడదు. వెర్సింగెటోరిక్స్ లాంటి పేరును ప్రతి పేరాలో మోయించే బదులు అతన్ని దగ్గరివాళ్లు పిలిచే ముద్దుపేరు ఒకటి కల్పించుకోండి.

సంభాషణల సంగతి అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాలి. రోమన్ల నోట నిండైన పుస్తకాల తెలుగు పెట్టి, సెల్టుల నోట వచ్చీరాని ముక్కలు పెట్టడం చాలా కథల్లో చూస్తాం. తన ఇంట్లో, తన వాళ్లతో మాట్లాడేటప్పుడు కార్టిమాండువా గడగడా మాట్లాడుతుంది. తడబడేది ఆ ఇంటికి వచ్చిన రోమన్ దూత. ఆ సన్నివేశంలో వచ్చీరాని తెలుగు అతని నోట పెట్టండి.